ఆట మాది, అంగడి ఎవరిది?

హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దని కోరారు. వయసు 31. రెండేళ్ల కిందట సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, ఇంజినీరింగ్‌లో కలిసి చదివిన ఇద్దరు మిత్రులతో కూకట్‌పల్లిలో ఒక అద్దె ఫ్లాట్ తీసుకుని వీడియో గేములు తయారు చేస్తున్నారు. తొలి ఆట ఫోన్‌లకు చేశారు. ఉచితంగా ఇచ్చి, ప్రకటనల మీద సంపాదించే చిన్న ఆట. ఎనిమిది నెలల పాటు నెలకు 1,20,000 రూపాయల దాకా వచ్చింది. ఒక సోమవారం నుంచి ఆ ఆట స్టోర్ సిఫారసుల్లో కనిపించడం మానేసింది. మరుసటి నెల ఆదాయం 9,000. ఎందుకిలా జరిగిందని రాస్తే రెండు వాక్యాల పొడి జవాబు వచ్చింది, కారణం మాత్రం లేదు.

ఆ దెబ్బ తిన్నాక రెండో ఆటను కంప్యూటర్‌కు మొదలుపెట్టారు. గోదావరి కాలువల మీద సరుకు పడవ నడుపుతూ, లాకులు తీస్తూ మూస్తూ, నీటిమట్టాలు సరిచూసుకుంటూ రేవు చేరుకునే పజిల్ ఆట అది. ఆటలు తయారు చేసే సాఫ్ట్‌వేర్ యూనిటీ ఇంజిన్‌లో చేస్తున్నారు. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ అంగడి స్టీమ్‌లో పేజీ పెట్టారు, 4,200 విష్‌లిస్టులు (విడుదలయ్యాక కొనాలని గుర్తు పెట్టుకున్నవాళ్లు) వచ్చాయి. డెమో (ఉచితంగా ఆడి చూసే చిన్న భాగం) ఇంకా విడుదల చేయలేదు. ముగ్గురూ పని చేస్తే ఇంకో ఐదు నెలల పని ఉంది. చేతిలో 5,60,000 రూపాయలున్నాయి, ముగ్గురి మీద నెల ఖర్చు 80,000. అందులో 1,80,000 అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చినవి.

ఇంతలో యూరప్‌లోని ఒక పబ్లిషర్ (డబ్బు పెట్టి ఆటలు విడుదల చేసే కంపెనీ) ఒప్పందం పంపారు: 25,000 డాలర్ల అడ్వాన్స్, ఖర్చులు రాబట్టుకున్నాక సగం సగం, అన్ని ప్లాట్‌ఫామ్‌ల హక్కులు ఏడేళ్లు, స్టీమ్ పేజీ వాళ్ల ఖాతాకు మార్చాలి, జవాబు పది రోజుల్లో ఇవ్వాలి. బొమ్మలు వేసే మిత్రుడేమో ఫోన్‌లకే వెళ్దామంటున్నాడు, నగదు బహుమతుల టోర్నమెంట్లు పెడదామంటున్నాడు. కోడ్ రాసే మిత్రుడు సంతకం పెట్టేద్దాం, పనిలో పనిగా గోడో ఇంజిన్‌కు మారిపోదాం అంటున్నాడు. ఈయనకు స్టీమ్ మీదే సొంతంగా విడుదల చేయాలని ఉంది, కానీ మళ్లీ ఒకే అంగడిని నమ్ముకోవడానికి భయం. "నా భార్య ఏమీ అనడం లేదు. అదే నాకు ఎక్కువ భయంగా ఉంది. ఏ ప్లాట్‌ఫామ్‌ను నమ్ముకోమంటారు?" అని ముగించారు.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా బరువైన మాట ఆ 9,000 అంకె. ఆట చెడ్డదైతే నెమ్మదిగా తగ్గాల్సిన ఆదాయం ఒక్క నెలలో పడిపోయిందంటే, ఆ ఆటగాళ్లు మొదటి నుంచీ మీ వాళ్లు కారు. స్టోర్ పంపితే వచ్చారు, పంపడం ఆపితే రాలేదు. మీ దగ్గర వాళ్ల చిరునామా ఒక్కటీ లేదు. స్టీమ్‌లో ఉన్న 4,200 విష్‌లిస్టులదీ అదే పరిస్థితి. వాళ్ల ఈమెయిళ్లు మీకు ఇవ్వరు. విడుదల రోజున, ఆ తర్వాత 20 శాతం లేదా అంతకు మించి తగ్గింపు పెట్టినప్పుడు స్టీమే వాళ్లకు కబురు పంపుతుంది.

కాబట్టి ఏ అంగడినీ నమ్ముకోవద్దని చెప్పను. అంగడి లేకుండా ఆట అమ్మలేరు. ప్రతి ప్రతిపాదన ముందూ ఒక్కటే అడగండి: ఈ తలుపు రేపు మూసుకుంటే నా చేతిలో ఏం మిగులుతుంది? పది రోజుల్లో ఒకటి తేల్చాలన్న తొందరలో, వెనక్కి తీసుకోగలిగిన నిర్ణయాన్నీ తీసుకోలేని నిర్ణయాన్నీ ఒకే గాటన కట్టేస్తున్నారు. స్టీమ్‌లో విడుదల చేశాక ఆరు నెలలకు ఫోన్‌కు తీసుకెళ్లవచ్చు. అన్ని ప్లాట్‌ఫామ్‌లనూ ఏడేళ్లకు రాసిచ్చాక మీరు చేయగలిగింది ఏమీ ఉండదు.

ముందు స్టీమ్ లెక్క చూద్దాం, ఎందుకంటే మీ ఆశ అంతా అక్కడే ఉంది. ఆట ధర 10 డాలర్లు అనుకోండి. వెయ్యి కాపీలకు 10,000 డాలర్లు రావు. మన దేశం లాంటి చోట్ల ధర తక్కువ పెడతారు, యూరప్ ధరలో అక్కడి పన్ను కలిసి ఉంటుంది, చాలామంది తగ్గింపులోనే కొంటారు. సగటున 6,500 డాలర్లు వసూలవుతాయని అనుకుందాం. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడితే డబ్బు వెనక్కి ఇస్తారు. పదిమందిలో ఒకరు అలా తిప్పి ఇచ్చారనుకుంటే 5,850. స్టీమ్ వాటా 30 శాతం పోగా 4,095. అమ్మకాల్లో సగం అమెరికావైతే ఆ సగం మీద అక్కడ పన్ను కోస్తారు. భారత్, అమెరికా పన్ను ఒప్పందం ప్రకారం రాయల్టీ మీద 15 శాతం. స్టీమ్ పన్ను ఫారంలో మీ పాన్ నంబరు ఇచ్చి ఒప్పందం కింద రేటు కోరకపోతే 30 శాతం కోస్తారు, చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. సరిగా నింపితే చివరికి సుమారు 3,790 డాలర్లు. డాలరు 85 రూపాయలనుకుంటే 3,22,000. అక్కడ కోసిన పన్నును ఇక్కడి రిటర్న్‌లో క్రెడిట్‌గా చూపుకోవచ్చు. విదేశీ ఆదాయం, జీఎస్టీలో ఎగుమతి అండర్‌టేకింగ్ (పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీ పత్రం) తెలిసిన ఆడిటర్‌ను విడుదలకు ముందే కలవండి.

ఇప్పుడు మీ 4,200 విష్‌లిస్టుల్లో తొలి వారం పదింట ఒకరు కొన్నారనుకోండి. 420 కాపీలు. పై లెక్కన 1,35,000 రూపాయలు. మీకు నెలన్నర ఖర్చు. ఆ తర్వాత సేల్స్‌లో మెల్లగా వస్తుంది, కానీ ఈ విష్‌లిస్టులతో ఈరోజు విడుదల చేస్తే మీ ముగ్గురికీ బతుకు గడవదు. స్టీమ్ తలుపు తప్పు కాదు, మీరింకా దాన్ని సరిగా తట్టలేదు, అంతే.

తట్టే మార్గం డెమో. స్టీమ్‌లో ఏడాదికి మూడుసార్లు, ఫిబ్రవరి, జూన్, అక్టోబర్ నెలల్లో నెక్స్ట్ ఫెస్ట్ (రాబోయే ఆటల డెమోల పండుగ) జరుగుతుంది. ఒక ఆటకు ఒక్కసారే అవకాశం. సగం ఉడికిన డెమోతో వెళ్తే ఆ అవకాశం పోయినట్టే. విడుదలకు దగ్గరలో ఉన్న ఫెస్ట్‌ను ఎంచుకోండి, డెమోను మాత్రం దానికి ఆరేడు వారాల ముందే బయటపెట్టండి. ఎక్కడ ఆపేస్తున్నారో చూసి దిద్దుకునే సమయం కావాలి కదా. మీ ఆటలో మొదటి లాకు తెరవడానికి పదకొండు నిమిషాలు పడుతుందని రాశారు. అది చాలా ఎక్కువ. ఆటగాడు మూడో నిమిషానికి ఒక తూము తిప్పాలి, నీళ్లు కదలడం కళ్లారా చూడాలి. 7,000 నుంచి 10,000 విష్‌లిస్టులుంటే విడుదలకు ముందు స్టీమ్ మొదటి పేజీ జాబితాలో కనిపిస్తామని డెవలపర్లు చెప్పుకుంటారు. స్టీమ్‌ను నడిపే వాల్వ్ కంపెనీ ఆ అంకెను ఎప్పుడూ ప్రకటించలేదు, గుర్తుగా మాత్రమే పెట్టుకోండి.

డెమో చివర కొన్ని సెకన్ల తెర ఒకటి పెట్టండి. అందులో రెండు బటన్లు: ఒకటి విష్‌లిస్ట్, రెండోది మీ సొంత ఈమెయిల్ జాబితా లేదా డిస్కార్డ్ (ఆటగాళ్లు కబుర్లాడుకునే యాప్). మొదటిది స్టీమ్ సొత్తు, రెండోది మీది. వెయ్యిమందిలో ముప్పైమంది ఈమెయిల్ ఇచ్చినా చాలు, రేపు ఫోన్‌కు వెళ్లినా కన్సోల్‌కు (ఆటలకే తయారు చేసిన యంత్రం) వెళ్లినా ఆ ముప్పైమంది మీ వెంట వస్తారు. ఇంకొక చిన్న విషయం. పది రివ్యూలు వచ్చేదాకా స్టీమ్ పేజీ మీద రేటింగ్ మాట కనిపించదు. ఉచితంగా కీ (ఆటను ఖాతాలో చేర్చుకునే కోడ్) ఇచ్చి బంధుమిత్రులతో రాయిస్తే అవి రేటింగ్ లెక్కలోకి రావు. స్టీమ్‌లో డబ్బు పెట్టి కొన్నవాళ్ల రివ్యూలే లెక్క.

అంగళ్లు ఒకదానితో ఒకటి పోటీ పడుతున్నాయి కదా, మనకు లాభం లేదా అని అడిగారు. ఉంది, కానీ ఎవరికి ఉందో చూడండి. 2018 డిసెంబర్‌లో స్టీమ్‌కు పోటీగా ఎపిక్ గేమ్స్ స్టోర్ 12 శాతం వాటాతో మొదలైంది. దానికి కొద్ది రోజుల ముందే వాల్వ్ తన వాటా తగ్గించింది: ఒక ఆట కోటి డాలర్లు దాటితే ఆపై అమ్మకాల మీద 25 శాతం, ఐదు కోట్లు దాటితే 20 శాతం. అంటే వెళ్లిపోతే నష్టం కలిగించగల పెద్దవాళ్లకు తగ్గింది, మీకు 30 శాతమే ఉంది. ఫోన్లలో ఇది తిరగబడింది. ఆపిల్ 2021 జనవరి నుంచి ఏడాదికి పది లక్షల డాలర్లలోపు వచ్చే డెవలపర్ల దగ్గర 15 శాతమే తీసుకుంటోంది. అదే ఏడాది జులై నుంచి గూగుల్ ప్లే కూడా మొదటి పది లక్షల డాలర్ల మీద 15 శాతానికి దిగింది. అక్కడ కోర్టులూ ప్రభుత్వాలూ కళ్లు పెట్టాయి కాబట్టి చిన్నవాళ్ల మీద దయ కనిపించింది. ఎపిక్ 2025 జూన్ నుంచి ఒక్కో ఆటకు ఏడాదిలో మొదటి పది లక్షల డాలర్ల మీద ఏమీ తీసుకోవడం లేదు. వినడానికి అద్భుతం. కానీ సున్నా శాతం వాటా ఉన్న చోట కొనేవాళ్లు పదోవంతు ఉంటే మీకు ఒరిగేదేముంది? ఎపిక్‌లో పెట్టండి, పెట్టడానికి ఫీజు 100 డాలర్లే. అయితే స్టీమ్‌లో అచీవ్‌మెంట్లు (ఆటలో సాధించినవాటికి ఇచ్చే గుర్తింపులు) ఉంటే అక్కడ కూడా ఉండాలని వాళ్ల నియమం. దానికి వారం పది రోజుల పని లెక్కేసుకోండి. స్టీమ్ విడుదల అయ్యాక చేయాల్సిన పని అది, ముందు కాదు.

ఈ పోటీలో బలమైనవాళ్లకూ దెబ్బలు తగిలాయి. ఎపిక్ సొంత ఆట ఫోర్ట్‌నైట్‌ను 2020 ఆగస్టులో ఆపిల్ తన స్టోర్ నుంచి తీసేసింది. కోర్టులో పోరాడి పోరాడి అమెరికా యాప్ స్టోర్‌లోకి తిరిగి వచ్చేసరికి 2025 మే అయింది. అంత డబ్బున్న కంపెనీకి దాదాపు ఐదేళ్లు పట్టింది. ఇంటర్నెట్ మీదుగా ఆటలు ఆడించే గూగుల్ స్టేడియా 2023 జనవరి 18న మూతపడింది. మూసేస్తున్నామని అంతకు నాలుగు నెలల ముందు కూడా తెలియక, దానికోసం ఆటలు తయారు చేస్తూ కూర్చున్న జట్లున్నాయి. ఈ జాబితా మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. ఇంత జరిగినా ఏ జట్టు నిలబడింది అంటే, ఆట హక్కులూ కోడూ తన దగ్గరే ఉండి ఇంకో చోటికి మోసుకెళ్లగలిగిన జట్టు. అందుకే పబ్లిషర్ కాగితం గురించి కాస్త వివరంగా రాస్తాను.

25,000 డాలర్లు అంటే సుమారు 21,25,000 రూపాయలు. మీకు రెండేళ్ల పైచిలుకు ఖర్చు. చిన్నమాట కాదు, అమ్మ గాజులు విడిపించవచ్చు. పబ్లిషర్లు మోసగాళ్లని అనుకోవద్దు. పరీక్షలు, అనువాదాలు, కన్సోల్ కంపెనీలతో పరిచయాలు మీకు లేనివి వాళ్ల దగ్గర ఉన్నాయి. అయితే మీరు రాసి పంపిన వాక్యంలో "ప్రాజెక్టు ఖర్చులన్నీ రాబట్టుకున్నాక" అని ఉంది. ఖర్చులన్నీ అంటే ఏవి? అడ్వాన్స్ ఒక్కటే అయితే, స్టోర్ వాటా పోగా వెయ్యి కాపీలకు 4,095 డాలర్ల లెక్కన సుమారు 6,100 కాపీలు అమ్ముడయ్యాక మీ వాటా మొదలవుతుంది. కన్సోల్ పోర్టుకు (ఆటను కన్సోల్‌లో నడిచేలా మార్చడానికి) 20,000, ప్రచారానికి 10,000 కూడా అందులోనే కలిపితే 55,000 డాలర్లు. 13,400 కాపీలు దాటాలి. ఇంకొక మెలిక ఉంటుంది. రాబట్టుకోవడం మొత్తం ఆదాయం నుంచా, మీ సగం వాటా నుంచా? మీ సగం నుంచి అయితే 26,800 కాపీలు. ఒకే పేరాలోని రెండు పదాలను బట్టి ఆరు వేల కాపీలు కాస్తా ఇరవై ఆరు వేలు అవుతాయి.

కాబట్టి కాదని రాయవద్దు, సరేనని కూడా రాయవద్దు. సవరణలు పంపండి. ప్రచార ఖర్చుకు ఒక పరిమితి, అది దాటితే మీ రాతపూర్వక అంగీకారం. రాబట్టుకోవడం మొత్తం నికర ఆదాయం నుంచి. అప్పటిదాకా ఒక్క రూపాయి రాని పద్ధతి మారాలి: మొదటి రోజు నుంచి మీకు 20 శాతం, మిగిలిన 80 వాళ్ల ఖర్చుకు, అది తీరాక సగం సగం. హక్కులు ప్లాట్‌ఫామ్ వారీగా రాయించుకోండి. కంప్యూటర్ విడుదలయ్యాక 12 నెలల్లో ఏ కన్సోల్‌లోనైనా ఆట రాకపోతే ఆ కన్సోల్ హక్కు మీకు తిరిగి రావాలి. ఏడేళ్లను నాలుగుకో మూడుకో తగ్గించమని అడగండి. ఆట పేరు, పాత్రలు, కోడ్, రెండో భాగం హక్కు మీ దగ్గరే ఉండాలి. లెక్కల పుస్తకాలు ఏడాదికోసారి చూసే హక్కు, వాళ్లు 60 రోజులు చెల్లింపు ఆపితే ఒప్పందం రద్దయ్యే హక్కు కావాలి. అడ్వాన్స్ విడతలను కూడా చూడండి. చాలా ఒప్పందాల్లో సంతకం రోజున కొద్దిగానే ఇచ్చి, పెద్ద మొత్తం చివరి బిల్డ్ (ఆట తయారైన ప్రతి) వాళ్లు ఆమోదించాక ఇస్తారు. "ఆమోదం" వాళ్ల ఇష్టం మీద ఆధారపడి ఉంటే మీ చేతిలోని డబ్బు అయిపోయే ఏడో నెల దాటిపోతుంది. బిల్డ్ అందిన 15 రోజుల్లో లోపాలు రాసి చెప్పకపోతే ఆమోదించినట్టే అని ఒక వాక్యం చేర్చండి.

స్టీమ్ పేజీని వాళ్ల ఖాతాకు మార్చమన్నది అన్నిటికన్నా బరువైన షరతు. పేజీ వెళ్తే విష్‌లిస్టులు, రివ్యూలు, అమ్మకాల అంకెలు అన్నీ దానితోనే వెళ్తాయి. ఒప్పందం ముగిసినా, ఆ కంపెనీ మూతపడినా వెనక్కి రప్పించుకోవడం వాళ్ల చేతిలో ఉంటుంది. మీ ఖాతాలోనే ఉంచి, వాళ్లకు పని అనుమతులు ఇస్తామని అడగండి. ససేమిరా అంటే, ఒప్పందం ఏ కారణంతో ముగిసినా 30 రోజుల్లో ఆట మొత్తాన్ని మీ ఖాతాకు బదిలీ చేయాలని రాయించుకోండి. దీనికీ ఒప్పుకోకపోతే ఆ పబ్లిషర్‌ను వదులుకోవడమే మంచిదని నా అభిప్రాయం. మిగతా షరతుల్లో బేరం ఉంది, ఇక్కడ లేదు. సంతకానికి ముందు ఒప్పందాల న్యాయవాదికి 15,000 నుంచి 30,000 ఖర్చవుతుందనుకుని పక్కన పెట్టండి. ఆ పబ్లిషర్ దగ్గర ఇదివరకు ఆటలు విడుదల చేసిన ఇద్దరు ముగ్గురు డెవలపర్లకు మెయిల్ రాయండి. డబ్బు సమయానికి వచ్చిందా, పోర్ట్ ఎవరు చేశారు అని రెండే ప్రశ్నలు అడగండి.

ఇక మీ బొమ్మల మిత్రుడి మాట. అతను చెప్పేదాంట్లో సగం నిజం ఉంది. మన దేశంలో ఆటలు ఆడేది ఫోన్ మీదే, గోదావరి లాకుల ఆటను రాజమండ్రిలో ఒక కుర్రాడు ఆడాలంటే అతని చేతిలో ఉండేది ఫోనే. కానీ నగదు టోర్నమెంట్ ఆలోచన ఈ రోజే ఆపేయమనండి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న పాత వాదన అక్కడ పనికిరాదు. ప్రవేశ రుసుము తీసుకుని నగదు ఇస్తే ఆట ఒక్కటే పోదు.

రెండో సమస్య ఆట స్వభావానిది. ప్రకటనల మీద బతకాలంటే రెండు నిమిషాలకో విరామం రావాలి. మీ ఆటలో ఒక లాకు ఇరవై నిమిషాల ఆలోచన. దాన్ని ముక్కలు చేయడమంటే వేరే ఆట చేయడమే. అదీగాక 2021 ఏప్రిల్‌లో ఐఫోన్‌లో ఆపిల్ తెచ్చిన అనుమతి తెర (ఈ యాప్ మిమ్మల్ని గమనించవచ్చా అని అడిగేది) తర్వాత, ఎవరు ఏ ప్రకటన చూసి దించుకున్నారో తెలుసుకోవడం చాలా తగ్గిపోయింది. ప్రచారానికి డబ్బు పోసి ఆటగాళ్లను తెచ్చే పని చిన్న జట్లకు మరీ కష్టమైంది. ఫోన్‌కు సరిపడే దారి ఒకటుంది: మొదటి ఆరు లాకులు ఉచితం, మిగతా ఆట అంతా ఒకే కొనుగోలు, ప్రకటనలు లేవు. ఇది స్టీమ్ విడుదల తర్వాత మూడు నాలుగు నెలల పని. వేలితో తిప్పే తూము, చిన్న తెర మీద చదవగలిగే అక్షరాలు, ఫోన్ మోగినప్పుడు ఆట ఆగి సేవ్ కావడం, వేడెక్కకుండా ఫ్రేముల పరిమితి. గూగుల్ ప్లే ప్రతి ఏడాదీ టార్గెట్ ఏపీఐ స్థాయి (ఆట ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌కు సరిపడాలో చెప్పే అంకె) పెంచుతుంది, 2025 నవంబర్ నుంచి కొత్త ఆండ్రాయిడ్‌లకు 16 కేబీ మెమరీ పేజీల (ఫోన్ మెమరీని పంచే ముక్కలు) నియమం కూడా వచ్చింది. కాబట్టి ఫోన్ ఆట ఒకసారి పెట్టి మరచిపోయేది కాదు, ఏటా కొన్ని రోజుల మరమ్మతు ఉంటుందని అతను ఒప్పుకోవాలి.

కన్సోల్ సంగతి పబ్లిషర్ ఉంటేనే ఇప్పుడు ఆలోచించండి. యూనిటీ నుంచి కన్సోల్ బిల్డ్ తీయాలంటే ప్రో లైసెన్స్ గానీ కన్సోల్ కంపెనీ ఇచ్చే కీ గానీ కావాలి, డెవ్‌కిట్ (తయారీదారులకిచ్చే పరీక్ష యంత్రం) కావాలి. ప్రతి కంపెనీకీ సొంత పరీక్ష ఉంది, నింటెండో దాన్ని లాట్‌చెక్ అంటుంది. అక్కడ ఆటలు ఫెయిలయ్యేది పెద్ద బగ్గులతో కాదు: కంట్రోలర్ ఊడినప్పుడు ఆట ఆగకపోవడం, నిద్రపుచ్చి లేపితే ధ్వని పోవడం, సేవ్ చేస్తున్నప్పుడు గుర్తు చూపకపోవడం, తప్పు బటన్ బొమ్మ. నింటెండో కన్సోల్ అయిన మొదటి స్విచ్‌లో మెమరీ మొత్తం 4 జీబీ, చేతిలో పట్టుకుంటే తెర 1280×720. మీరు స్టీమ్ డెక్ (స్టీమ్ ఆటలను చేతిలో పట్టుకుని ఆడే యంత్రం) కోసం 1280×800 తెర మీద చదవగలిగేలా అక్షరాలు పెట్టి, కంట్రోలర్‌తో మొత్తం ఆట నడిచేలా ఇప్పుడే చేస్తే స్విచ్ పోర్ట్‌లో సగం తలనొప్పి ముందే తీరుతుంది. ఆట డెక్‌లో బాగా నడుస్తుందని వాల్వ్ ఇచ్చే డెక్ వెరిఫైడ్ గుర్తుకు ఆ తెర మీద అక్షరం ఎత్తు తొమ్మిది పిక్సెళ్లకు తగ్గకూడదు. తెలుగు అక్షరాలకు అది చాలదు, వత్తులూ గుడులూ కలిసిపోతాయి, కనీసం రెట్టింపు పెట్టండి.

గోడో గురించి క్లుప్తంగా. యూనిటీ 2023 సెప్టెంబర్‌లో ప్రతి ఇన్‌స్టాల్‌కూ రుసుము అని ప్రకటించి అందరినీ వణికించిన మాట నిజం. సరిగ్గా ఏడాదికి దాన్ని రద్దు చేసింది, ఉచిత లైసెన్స్ పరిమితిని రెండు లక్షల డాలర్లకు పెంచింది. గోడో ఉచితం, లైసెన్స్ మార్చి మిమ్మల్ని ఇరికించేవాళ్లు లేరు. మూడో ఆట దాంట్లో మొదలుపెట్టండి. ఐదు నెలల పని మిగిలిన ఆటను ఇప్పుడు మార్చితే నీటి సిమ్యులేషన్ మొత్తం తిరగరాయాలి, ఏడు నెలల డబ్బు దానికే అయిపోతుంది. మీ కోడ్ మిత్రుడి ఆందోళనను ఇంకో పనికి మళ్లించండి. అచీవ్‌మెంట్లు, క్లౌడ్ సేవ్, లీడర్‌బోర్డు (ఆటగాళ్ల స్కోర్ల పట్టిక), కొనుగోలు, ఈ నాలుగింటికీ ఆట కోడ్ నేరుగా స్టీమ్‌ను పిలవకుండా మధ్యలో ఒక పొర పెట్టించండి. పొరకు ఒక వైపు ఆట, ఇంకో వైపు స్టీమ్ అమలు ఒకటి, ఏమీ చేయని ఉత్త అమలు ఒకటి. ఏ అంగడీ లేకుండా ఆట నడుస్తోందా అని ఆ ఉత్త అమలుతో వారానికోసారి చూడాలి. సేవ్ ఫైల్ మీ సొంత ఫార్మాట్‌లో, మొదట్లోనే వెర్షన్ నంబరుతో ఉండాలి. పది రోజుల పని. ఎపిక్, ఫోన్, కన్సోల్ ఎటు వెళ్లినా ఆ పది రోజులు నెలలను మిగులుస్తాయి.

డబ్బు విషయానికి వస్తే మీ ముందు మూడు దారులున్నాయి. సవరణలకు పబ్లిషర్ ఒప్పుకుంటే సంతకం పెట్టడం: ఊపిరి పీల్చుకుంటారు, తేదీలు వాళ్ల చేతికి వెళ్తాయి, ఆట బాగా ఆడితే వచ్చే పెద్ద లాభంలో సగం పోతుంది. రెండోది, ముగ్గురిలో ఒకరు ఆరు నుంచి ఎనిమిది నెలలు బయటి కాంట్రాక్టు పని తీసుకోవడం. నెలకు 60,000 వస్తే మీ ఖర్చు 80,000 నుంచి 20,000కు దిగుతుంది. ఐదు నెలల పని ఇద్దరితో ఏడున్నర నెలలవుతుంది, అయినా ఖర్చయ్యేది లక్షన్నరే. మిగిలిన నాలుగు లక్షలతో గాజుల అప్పు తీర్చవచ్చు, తొందరపడి విడుదల చేయాల్సిన అగత్యం ఉండదు. దీనికి చెల్లించే మూల్యం, ఆ ఒక్కరు సాయంత్రాలు అలసిపోయి ఉంటారు, తన వాటా తగ్గిందేమో అన్న అనుమానం మొలుస్తుంది. బయటి జీతం జట్టు ఖర్చుకే అని, వాటాలు మారవని ముందే రాసుకోండి. మూడోది, పబ్లిషర్ లేకుండా, ఎవరూ బయటికి వెళ్లకుండా ఐదు నెలల్లో ముగించి విడుదల చేయడం. ఇది కుదరదని అనను, కానీ మీ పై లెక్క ప్రకారం విడుదల రోజున చేతిలో రెండు నెలల డబ్బే ఉంటుంది, నెక్స్ట్ ఫెస్ట్ తేదీ దానికి కలిసి రాకపోతే డెమో లేకుండానే అమ్మాల్సి వస్తుంది. మీరు రాసిన పరిస్థితిలో నేను మొగ్గేది రెండోదానివైపు, దానితో పాటే పబ్లిషర్‌తో మాటలు కొనసాగిస్తూ. చేతిలో గడువు ఉన్నవాడితో పబ్లిషర్ మాట్లాడే తీరే వేరు.

స్టీమ్ ఖాతా మీ ఒక్కరి పేరు మీద ఉందని ఉత్తరం మూడో పేజీలో ఒక మాటగా రాశారు. మీ మిత్రుల వాదనల వెనక అది ఉండవచ్చు. డబ్బంతా మీ ఖాతాలో పడుతుంది, పన్ను మీ పేరున లెక్కవుతుంది, మీకేదైనా అయితే వాళ్లకు ఆట మీద కాగితం లేదు. ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ) గానీ భాగస్వామ్య ఒప్పందం గానీ విడుదలకు ముందే చేసుకుని, ఆటను దాని పేరున ఉన్న ఖాతాకు మార్చండి. అమ్మకాలు మొదలయ్యాక మారిస్తే పన్ను ఫారాలు, బ్యాంకు వివరాలు రెండేసి చోట్ల తేలాలి. లాగిన్‌కు రెండంచెల భద్రత పెట్టి, రెండో నిర్వాహకుడిగా ఒక మిత్రుణ్ని చేర్చండి. ఫోన్ స్టోర్ ఖాతా విషయంలో ఇంకో జాగ్రత్త: ఎవరిదైనా రద్దయిన ఖాతాతో సంబంధం ఉన్న మెయిల్, పరికరం వాడి లాగిన్ కావద్దు. సంబంధిత ఖాతా అని చెప్పి మీదీ మూసేయగలరు.

మీ భార్య ఏమీ అనడం లేదన్నారు. ఆవిడకు ఈ అంకెలు తెలుసా? 5,60,000 ఎన్ని నెలలు వస్తుంది, గాజుల అప్పు ఎప్పుడు తీరుతుంది, ఎంతకు పడితే మీరు మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటారు, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి ఆవిడ ముందు పెట్టండి. మూడో అంకె ఆవిడతో కలిసి తేల్చండి. నా సలహా 2,40,000, అంటే మూడు నెలల ఖర్చు. దాని కిందికి దిగితే ఆట ఏ దశలో ఉన్నా ఇద్దరు ఉద్యోగాలకు, ఒకరు ఆటకు.

పబ్లిషర్‌కు ఈ వారం పంపాల్సిన జవాబు నాలుగు వాక్యాలు. ప్రతిపాదనకు ధన్యవాదాలు. న్యాయవాదితో చూపించుకోవడానికి మూడు వారాలు కావాలి. రాబట్టుకునే ఖర్చుల పూర్తి జాబితా, వాటి పరిమితులు పంపండి. స్టీమ్ పేజీ మా ఖాతాలోనే ఉంటుంది, దానికి మీ అభ్యంతరం ఏమిటో చెప్పండి. ఆ జవాబు వచ్చేలోగా మొదటి లాకును మూడు నిమిషాలకు తీసుకురండి.